రోలుగుంట మీదుగా ఢాకా

మా నర్సీపట్నానికి రైలు లేదు. నర్సీపట్నం రోడ్ అని ఒక స్టేషను ఉంది గానీ, అది మా ఊరి పేరు పెట్టుకుని మాకు ఎక్కడో దూరంగా తన మానాన తాను బతుకుతోంది. పెద్ద రైళ్లు దాన్ని పట్టించుకోవు, మేమూ పట్టించుకోం. రైలెక్కాలంటే బస్సులో తుని పోవాల్సిందే. అలాంటి ఊళ్లో కూర్చుని మా వదిన పదిహేనేళ్లపాటు లండన్‌కి రైలు ప్రయాణం సిద్ధం చేసింది.

వదినంటే మా ఆయనకి అక్క. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. పెళ్లి వద్దనుకుని, మా ఇంటి వెనక వాటాలో వాళ్లమ్మతో, అంటే మా అత్తగారితో, ఉండేది. స్కూల్లో పుస్తకం భాష మాట్లాడేది, గుమ్మం దాటి ఇంట్లోకి రాగానే మా అందరి భాషలో పడేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడంటే భయంగా ఉండేది. భయం తీరాక, ఆవిడని ఆటపట్టించకపోతే నాకు అన్నం సహించేది కాదు. వదినా మరదళ్లం కాబట్టి ఆ హక్కు ఒకరు ఇవ్వక్కర్లేదు.

ఆవిడ దగ్గర ఒక రైల్వే టైంటేబుల్, అట్ట ఊడిన అట్లాసు, లావుపాటి నోటుపుస్తకం ఉండేవి. ఆదివారం తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ మూడూ ముందేసుకుని కూర్చునేది. ఒకసారి అడిగాను.

"లండన్‌లో మనకెవరున్నారు వదినా?"

"లండన్ ఎవడిక్కావాలే? మజ్జిలో గీతలు సూడాలి."

"ఏ గీతలు?"

"బోర్డర్లు. ఇన్నేళ్లై పిల్లలసేత ఎర్ర పెన్సిల్‌తో గీయిస్తన్నాను. ఒక్కదాన్నీ నా కళ్లతో సూళ్లేదు. ఇమానంలో ఎలితే కనపడదు. రైల్లో ఎలితే కాళ్ల కిందనుంచే పోద్ది గదా."

నవ్వబోయి ఆగాను. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. పెళ్లి గురించి, ఇల్లు గురించి, నగల గురించి ఆవిడ ఏనాడూ అలా మాట్లాడగా వినలేదు. ఆవిడకి జీవితంలో కావలసిందల్లా ఆ ఒక్క గీతే అని నాకు ఆ రోజే తెలిసింది.

అయితే ఆ గీత మీద నాకు కోపం కూడా ఉండేది. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో వాళ్ల మేనత్త క్లాసులోనే పడింది. వార్షిక పరీక్షలో ఇండియా మ్యాపు గీసింది. తూర్పున, బంగ్లాదేశ్ దగ్గర, పెన్సిలు ఎక్కడెక్కడో ఎత్తింది కాబోలు, గీత రెండు చోట్ల తెగింది. వదిన రెండు మార్కులు కోసేసింది. ఆ రెండు మార్కులతో పిల్లకి ఫస్టు ర్యాంకు పోయింది. పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తే నేను వెనక వాటాకి పోయి నిలదీశాను.

"దేశానికి కంతలెడితే ఎలాగే? బోర్డరంటే తెగకూడదు. నా మేనకోడలని సూసి వొదిలీమంటావేటి?" అంది.

మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. పచ్చడి కావాలన్నా మా అత్తగారి చేతే అడిగించాను. నాలుగో రోజు ఉండబట్టలేక నేనే పోయి "మీ లండన్ రైలు క్వెట్టా దాకా వెళ్లిందా, ఇంకా లాహోర్‌లోనే ఉందా?" అని పలకరించాను. ఆ గొడవ పైకి అలా సర్దుకుంది. లోపల మాత్రం సర్దుకోలేదు. అవకాశం వచ్చినప్పుడల్లా ఆ రెండు మార్కుల మాట ఎత్తేదాన్ని, ఆవిడ వినపడనట్టు ఊరుకునేది.

లండన్ దారి ఆవిడ నోటుపుస్తకంలో ఇలా ఉండేది. తుని నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి అట్టారి, గీత దాటి లాహోర్, క్వెట్టా, ఆపైన ఇరాన్‌లో జాహెదాన్, టెహ్రాన్, టర్కీలో ఇస్తాంబుల్, ఇక అక్కణ్ణుంచి ఎటు చూసినా రైళ్లే. ప్రతి గీత దగ్గరా ఎర్ర చుక్క. తిండి సంగతి విడిగా ఒక పేజీ. లాహోర్ దాకా పులిహోర, క్వెట్టా దాకా చపాతీలు, ఆపైన అటుకులు. "ఇస్తాంబుల్‌లో అటుకులు నానబెట్టుకోడానికి చెంబు ఎవరిస్తారు వదినా?" అంటే, మర్నాటికి ఆ పేజీలో కింద "చెంబు" అని చేరింది.

ఆయా దేశాల రైల్వేలకి ఉత్తరాలు రాసేది. గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, మీ విధేయురాలు అని సంతకం పెట్టేది. చాలామంది అయ్యలు పలకలేదు. ఒక చలి దేశం మాత్రం రంగురంగుల టైంటేబుల్ పంపింది. పోస్టుమాన్ దాన్ని మిగతా ఉత్తరాల మధ్య పెట్టకుండా విడిగా చేత్తో పట్టుకొచ్చాడు. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చి ఆ కాగితం నునుపు తడిమి చూశారు. ఆ భాష మాలో ఎవరికీ రాదు. వదిన మాత్రం గంటసేపు చదివింది.

"ఏం అర్థమైంది?" అన్నాను.

"అంకెలు మనవే గదే" అంది.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. జాహెదాన్ నుంచి కెర్మాన్ అనే ఊరి దాకా పట్టాలే లేవనీ, అక్కడ బస్సు ఎక్కాలనీ ఎక్కడో చదివింది. ఆ పూట అన్నం ముట్టలేదు. రైలు ప్రయాణంలో బస్సు అంటే ఆవిడకి పరువు పోయినట్టే.

"మనకి తుని దాకా బస్సే కదా వదినా. ఆ ఊరు కూడా మన నర్సీపట్నం లాంటిదే అనుకోండి" అన్నాను.

ముందు కోపంగా చూసింది. తర్వాత కిసుక్కున నవ్వింది. అప్పట్నుంచీ జాహెదాన్ మాకు చుట్టాల ఊరైపోయింది. "అక్కడికి పట్టాలు ఎయ్యడం మొదలెట్టేరంట. మనకే దిక్కు నేదు" అని పేపరు చూసి చెప్పేది.

కానీ లాహోర్ రైలుని ఒక ఏడాది నడిపేవారు, ఇంకో ఏడాది ఆపేవారు. ఈలోగా వదిన రిటైరైంది. మోకాళ్లు పట్టేశాయి. కళ్లకి ఆపరేషన్ అయింది. నోటుపుస్తకం బీరువా పైకెక్కింది. ఆవిడ ఆ మాట ఎత్తడం మానేసింది కాబట్టి నేను వెక్కిరించడం మానేశాను. నాకేమీ బాగుండేది కాదు.

రెండువేల ఎనిమిదిలో ఒక రోజు పొద్దున్నే నేను బెండకాయలు తరుగుతుంటే వదిన పేపరు పట్టుకుని వచ్చింది. కలకత్తా నుంచి ఢాకాకి రైలు మళ్లీ వేశారట.

"లేయే. ఎలిపోదాం" అంది.

"ఎక్కడికి? కూరగాయలకా?"

"ఢాకాకి. ఒక్క గీతైనా సూసీసి వొచ్చీద్దాం. ఒక్కటి సాలు నాకు."

ఆవిడ మోకాళ్లు మెట్లకి ఒప్పుకోవు. కళ్లు చిన్న అక్షరాలకి ఒప్పుకోవు. ఒక్కర్తే వెళ్లలేదు. నేను వస్తానన్నాను. ఎందుకన్నానో మా ఆయన చాలాసార్లు అడిగాడు. ఆవిడ నోట "ఒక్కటి సాలు" అన్న మాట విన్నాక వెళ్లనని ఎలా అంటాను?

పాస్‌పోర్టు కోసం విచారణకి ఒక కానిస్టేబులు ఇంటికొచ్చాడు. "ఏటి పని మీద ఎల్తన్నారండీ టీచరుగారూ?" అని మర్యాదగా అడిగాడు. "గీత సూడ్డానికి బాబూ" అంది వదిన. అతను రాయడం ఆపి నా వైపు చూశాడు. "యాత్రకండీ" అని నేను సర్దేశాను.

పాస్‌పోర్టులు వచ్చాయి. తుని నుంచి కలకత్తాకి టిక్కెట్లు కొన్నాం. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి రైలు. వీసా, ఢాకా టిక్కెట్లు కలకత్తాలోనే చూసుకోవాలి. అంతా కుదిరిందనుకున్నాక మా అత్తగారు పంచాంగం తెరిచింది.

"మంగళోరం ఉత్తరానికి శూలే. ఎల్లకూడదు" అంది.

వదిన అట్లాసు తెచ్చి వాళ్లమ్మ ఒళ్లో పెట్టింది. "తుని మనకి ఏ పక్కనుందే అమ్మా? దచ్చినం. మేం ఇల్లు దాటి ఎల్లేది దచ్చినానికి. మంగళోరం దచ్చినానికి ఏ దోషం నేదు."

ఎనభై దాటిన మా అత్తగారు అట్లాసు వైపు చూడనైనా చూడలేదు. "నువ్వెల్లేది తునికా, డాకాకా?" అంది.

హెడ్‌మాస్టర్లని నోరెత్తనివ్వని మా వదిన అట్లాసు తీసుకుని మూసేసింది.

దానికి విరుగుడు కూడా మా అత్తగారే చెప్పింది. ప్రస్థానం పెట్టడం. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియ చూసి, వెళ్లే మనిషి వస్తువులు కొన్ని సంచిలో వేసి, వెళ్లే దిక్కున ఉన్న ఇంకొకరింట్లో పెట్టించాలి. అంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఏ రోజు వెళ్లినా దోషం ఉండదు. కాకపోతే ఒకటి. పెట్టిన ప్రస్థానం మళ్లీ ఇంటి ముఖం చూడకూడదు. ముందుకే పోవాలి.

కలకత్తా మాకు ఉత్తరాన ఈశాన్యపు మూల. ఆ పక్కన రోలుగుంటలో మా అత్తగారి చెల్లెలు ఉంది. జీడితోటలు, చెరకు పొలాలు ఉన్న ఇల్లు. ఒక పాత చీర, దువ్వెన, పసుపూ కుంకుమా పొట్లం సంచిలో పెట్టి పంపిద్దామని అనుకున్నాం. ఆదివారం పొద్దున్న ఆ ఇంటి అల్లుడు మోటార్‌సైకిల్ మీద వస్తే, మా అత్తగారు తన చేత్తోనే సంచి సర్ది, మూతి కట్టి ఇచ్చింది. పదిహేను కిలోమీటర్ల అవతల రోలుగుంటలో మా ఢాకా ప్రయాణం మొదలైపోయింది.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి వదిన నోటుపుస్తకం చూసుకుంటూ ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటోంది. మందులు ఉన్నాయి. అటుకులు ఉన్నాయి. చెంబు ఉంది. పాస్‌పోర్టులు లేవు. రేకుపెట్టె బోర్లించాం. బీరువా అంతా కిందకి దించాం. మంచం పరుపు ఎత్తాం. వసారాలో కూర్చుని చాలాసేపు మమ్మల్ని చూసి మా అత్తగారు అడిగింది.

"పాస్‌పోర్టులంటే ఆ నీలం పుస్తకాలేటే?"

"అవునమ్మా. సూసేవా?"

"ప్రస్తానంలో ఎట్టీసేను."

వదిన మంచం అంచున కూర్చుండిపోయింది. మా అత్తగారికి తను చేసిన దాంట్లో తప్పేమీ కనపడలేదు. "సీరెడితే సీరకే గదే ప్రయాణం అయ్యేది? ఆ పుస్తకాలు నేకపోతే రైలెక్కనివ్వరని నువ్వే అన్నావు. అందుకే అవెట్టేను. టిక్కెట్లు కూడా ఎట్టేను. మరింక నీ ప్రయాణం ఎలాగ ఆగుద్ది?" అంది.

వదిన రోలుగుంటకి ఫోన్ చేసింది. "పిన్నీ, ఆ సంచి అల్లుడుగారికిచ్చి బేగి పంపించు" అంది. అవతల ఆవిడ గొంతు నాకూ వినపడుతోంది.

"ఓలమ్మ! ప్రస్తానం ఎనక్కి పంపుతారేటే? ఇంటికెల్తే ప్రయాణం సెడిపోద్ది. నువ్వే వొచ్చి ఎత్తుకుని అట్నుంచటే ఎలిపో."

"తునిలో రైలు పిన్నీ!"

"తుని ఎనకుంది. ఎనక్కెల్లకూడదు" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. రోలుగుంట నుంచి తుని పోవాలంటే సంచి మా ఊరి మీదుగానే రావాలి. అది ఆవిడ రానివ్వదు. మేము బలవంతంగా తెచ్చుకుందామన్నా మా అత్తగారు గుమ్మానికి అడ్డం కూర్చుంది. పన్నెండు దేశాల రైళ్లు కలిపిన మనిషి రోలుగుంట దగ్గర ఆగిపోయింది.

వదిన నోటుపుస్తకం మూసేసింది. "ఇంక అవదే. ఆ గీత నా రాతలో నేదు" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను అదే మొదటిసారి చూడటం. నాకు మా అత్తగారి మీద, రోలుగుంట మీద, పంచాంగం మీద, మొత్తం నర్సీపట్నం మీద ఒళ్లు మండిపోయింది.

"లేవండి వదినా" అన్నాను. "ఆ రైలు తుని తర్వాత అనకాపల్లిలో ఆగుతుంది. నాలుగూ ఇరవైకి. రోలుగుంట నుంచి చోడవరం బస్సు, చోడవరం నుంచి అనకాపల్లి బస్సు. వెనక్కి ఒక్క అడుగు వెయ్యక్కర్లేదు."

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది. "నీకెలాగ తెలుసే?"

"పదిహేనేళ్లు వెక్కిరించాలంటే చదవాలి కదా" అన్నాను.

ఇంకొక చిక్కు మిగిలింది. తునిలో ఎక్కాల్సిన వాళ్లం ఎక్కకపోతే టీసీ మా బెర్తులు వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు. దానికి మా ఆయన ఉన్నాడు. కిటికీలోంచి తువ్వాలు విసిరి బస్సులో సీటు ఆపడం మా ఊరి బస్టాండులో అందరికీ వచ్చిన విద్యే. ఆయన భుజాన తువ్వాలు వేసుకుని, బోగీ నంబరూ బెర్తు నంబర్లూ వదిన నోటుపుస్తకంలోంచి చేతి మీద రాసుకుని తునికి వెళ్లాడు. మేము మామూలు బట్టల సంచులతో, చెంబుతో, రోలుగుంట బస్సెక్కాం.

చిన్నత్తగారు మాకు హారతిచ్చి, జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి, సంచి వదిన భుజానికి తగిలించింది. వదిన అక్కడే సంచి విప్పి పాస్‌పోర్టులు తీసి చూసుకుంది. రెంటికీ పసుపంటుకుంది. చోడవరం బస్సులో నిలబడ్డాం. అనకాపల్లి బస్సులో బెల్లం దిమ్మల మధ్య కూర్చున్నాం. "జాహెదాన్‌లో ఒక్క బస్సని ఏడ్సేను. మనకి మూడు" అంది వదిన. అప్పటికి కొంచెం తేరుకుంది.

మేం ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసరికి రైలు కనపడుతోంది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. అనకాపల్లి దాకా ఒక బెర్తు మీద తువ్వాలు, ఒక బెర్తు మీద ఆయన. "మా ఆడోళ్లు ముందు స్టేషన్లో ఎక్కుతారండీ" అని టీసీని అంతసేపూ బతిమాలుతూనే ఉన్నాడట. మమ్మల్ని ఎక్కించి ఆయన దిగిపోయాడు. పసుపంటిన టిక్కెట్టు చూసి ఆ టీసీ ఏమీ అనలేదు, కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

కలకత్తాలో వీసాకి వారం పట్టింది. ఢాకా రైలు పొద్దున్నే బయల్దేరింది. ఇటు పక్క చిట్టచివరి స్టేషను పేరు గేదె. ఇంటి దగ్గర చెబితే నమ్మరని వదిన దాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది. అక్కడ సామాన్లతో సహా దించి, కాగితాలు చూసి, చాలాసేపటికి మళ్లీ ఎక్కించారు. రైలు నడిచినట్టే కదిలింది.

వదిన కిటికీకి మొహం ఆనించింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముళ్లకంచె ఒకటి వచ్చి వెనక్కి పోయింది. "ఇదేనా?" అని ఎదురు సీటు పెద్దాయన్ని ఇంగ్లీషులో అడిగింది. ఇది కాదు, ఇంకా ముందుంది అన్నాడాయన. వరిచేలు వచ్చాయి. రోలుగుంట చేలలాగే ఉన్నాయి. గట్టు మీద మోకాలెత్తు సిమెంటు దిమ్మ ఒకటి కనపడింది. పెద్దాయన దాన్ని వేలు పెట్టి చూపించాడు. దూరంగా ఇంకొకటి, దానికవతల మరొకటి. వాటి మధ్యన వరి తప్ప ఏమీ లేదు. అటు పక్క చేలో ఆడవాళ్లు వంగి పని చేసుకుంటున్నారు, ఇటు పక్కా చేసుకుంటున్నారు. ఒక కొంగ ఇటు నుంచి అటు నడిచి వెళ్లింది. అంతలో రైలు ముందుకెళ్లిపోయింది.

వదిన కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉంది. పదిహేనేళ్లు ఎదురుచూసింది ఇంతేనా అని బాధపడుతోందేమోనని నాకు భయం వేసింది.

"తెగిపోయింది గదే" అంది చివరికి.

"ఏంటి వదినా?"

"గీత. దిమ్మకీ దిమ్మకీ మజ్జిన ఏటీ నేదు. అంతా కంతలే." నా చెయ్యి వదల్లేదు. "మన పిల్ల గీసిందే రైటు. నానే సూడకుండా మార్కులు కోసీసేను."

ఢాకాలో దిగగానే ఆవిడకి హోటలు వద్దు, టీ వద్దు. ఫోన్ ఉన్న దుకాణం కావాలంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయికి నా చేత ఫోన్ చేయించింది. రెండు మార్కులూ ఇచ్చేశానని చెప్పు, ఫస్టు ర్యాంకు తనదేనని చెప్పు అని పక్కనే నిలబడింది.

చెప్పాను. అటునుంచి మా అమ్మాయి, "ఏ మార్కులమ్మా? ఎప్పుడు?" అంది.

రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి వదిన వైపు తిరిగాను. పధ్నాలుగేళ్లుగా ఆ మాట ఎత్తి పొడిచింది నేనేనని నాకప్పుడు తెలిసింది. పిల్ల ఎప్పుడో మర్చిపోయింది.

"ఏటందే?" అంది వదిన.

"ఏడుస్తోంది వదినా, సంతోషంతో" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఇప్పుడు టీ తాగుదాం అంది.